బాబాయ్ పైపులకు పేర్లు పెట్టిన రోజు

మా డిజైన్ ఆఫీసులో కంప్యూటర్ మీద పైపులైన్లన్నీ గీసింది అప్పలరాజు బాబాయే. నాకు చుట్టం కాదు, అలా పిలుస్తానంతే. సాఫ్ట్‌వేర్ ప్రతి లైనుకీ ‘పైపు అసెంబ్లీ 1, 2, 3’ అని తనే పేరు పెట్టేస్తుంది. ఏ నంబరు ఏ లైనో ఆయనొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ ఆయన ఉద్యోగం నిలిచింది అందుకే.

పొద్దున్న మా బెంగాలీ మేనేజర్ దాదా నన్ను పిలిచి, "అన్నిటికీ అర్థమయ్యే పేర్లు పెట్టించు. ఆ తర్వాత ఆయన అక్కర్లేదు" అన్నాడు.

వెళ్లి అడిగాను. బాబాయ్ ముఖం వెలిగిపోయింది.

"ఇన్నాళ్లకి నా పనేటో ఒకలడిగినారు. రాసుకోమ్మా."

టీకి కూడా లేవకుండా నలభై రెండు పేర్లు చెప్పాడు. ఝపటాపూర్ బజార్లో కొన్న సింగారాలు, అదే ఇక్కడి సమోసాలు, నా ముందు పెట్టాడు. తిన్నాను కూడా.

ఆయన గేటు దాటగానే లాగిన్ తీసేశారు. నేనింకా ఆఫీసులో ఉండగానే మెసేజ్ వచ్చింది: "అమ్మా, పదిహేడోది వేణ్ణీళ్ల లైను కాదు, సన్నీళ్లది. తప్పు సెప్పీసినాను. రేపొచ్చి దిద్దీస్తాను."

మీరు చదువుతున్న ఈ స్టేటస్ ఆయనకు కనపడకుండా పెట్టాను. ఆయనకేం జవాబివ్వాలో మీరే చెప్పండి. పదిహేడో పేరు మాత్రం నేనే దిద్దేశాను.