మా బండిని మాత్రం వదిలేసిన్రు

భద్రాచలం బస్టాండు నుంచి గుడికి పోయే తొవ్వల తోపుడు బండి మీద ఇడ్లీ, బోండా అమ్ముకునేటోళ్లం, నేనూ మా ఆయనా. ఎనభైలనాటి మాట. మా పక్కన ఒక అవ్వ దుమ్ముగూడెం దిక్కు నుంచి గంపల చింతపండు తెచ్చి అమ్మేది. ఎదురుంగ గాజులామె. లైసెన్సు ఎవ్వరికీ లేదు. సామాను ఎత్తుకపోయే పంచాయతీ ట్రాక్టరు వస్తుందని తెలిస్తే చాలు, సామాను సర్దుకొని ఎవరి సందులోకి వాళ్లం ఉరికేది.

శ్రీరామనవమి ముందు రోడ్డు ఖాళీ చేయించుడు మామూలే. ఆ ఏడు మాత్రం పంచాయతీ వాళ్లు రోడ్డు మీదికి రాలే, సీదా మేం దాక్కున్న సందులల్లకే వచ్చిన్రు. అవ్వ గంపను ట్రాక్టరులకు విసిరేసిన్రు. గాజులామె పెట్టె కిందపడి గాజులన్నీ పగిలినయి. ఆ కూలోళ్లతోని పని చేయించే పంచాయతీ మేస్త్రీ మా బండి కాడికొచ్చి ఆగిండు. మా ఆయన దిక్కు చూసిండు.

"జర పక్కకు జరుపుకో," అని ముందుకు పోయిండు.

అప్పుడు అందరి కండ్లు మా మీదనే. మర్నాడు పొయ్యికి అగ్గిపెట్టె అడిగితే గాజులామె మొహం తిప్పుకున్నది. నేను పోంగనే మాటలు బందయ్యేవి. ఆఖరికి అవ్వనే అడిగింది.

"ఎవలు ఏ సందుల దాస్తరో మీ ఆయనే జెప్పిండంట గద బిడ్డా?"

"ఎవలన్నరు ఆ మాట?" అని కొట్లాటకు దిగిన. ఇంటికొచ్చినంక మాత్రం ఆ మాట లోపల మెసులుతనే ఉన్నది. మా ఆయన రోజూ తొలి వాయి దించంగనే క్యారియర్ పట్టుకొని "పాలకు" అని పోతుండె. తెచ్చే పాలు ఎంత? దానికి అంతసేపు ఎందుకు?

ఒకనాడు ఎనుక పోయిన. ఆయన మేస్త్రీ ఇంటి ముందల ఆగిండు. మేస్త్రీ భార్య వచ్చి, రోజూ తీసుకునేదాని లెక్కనే, ఏం అడగకుంట క్యారియర్ అందుకున్నది. ఆయన తిరిగొస్తుంటే మూలమలుపు కాడ అడ్డం నిలబడ్డ.

"పాలు ఈడ దొరుకుతున్నయా?"

ఆయన ఉలిక్కిపడ్డడు. "నాలుగు ఇడ్లీలు ఇచ్చొస్తున్న. బండి పోతే ఏం తింటమే?"

"ఇడ్లీలేనా? సందుల సంగతి గిట్ల జెప్పినవా?"

"వాళ్లకు తెల్వదా ఏంది?" అన్నడు, నా మొహం చూడకుంట.

జెప్పిన అనలే. జెప్పలే అని గూడ అనలే. రేపటి సంది ఒక్క ఇడ్లీ కూడ ఆ ఇంటికి పోవద్దన్న. ఆయన చానా బతిమాలిండు. నేను ఇనలే.

నవమి కాకముందే ట్రాక్టరు మళ్లా వచ్చింది. ఈసారి ముందుగాల మా బండి కాడికే. "ఎక్కియ్యున్రి," అన్నడు మేస్త్రీ. పిండి గిన్నె రోడ్డు మీద బోర్లపడ్డది. నేను బండి చక్రం పట్టుకొని వేలాడిన. అవ్వ తన కొత్త గంప వదిలిపెట్టి ఉరికొచ్చి ఇంకో చక్రం పట్టుకున్నది. ఇద్దరినీ గుంజి పక్కకు నెట్టిన్రు. బండి పోయింది.

అవ్వ ఇడ్లీ పళ్లాలు ఏరి, కొంగుతోని దుమ్ము తుడిచి నా ముందల పెట్టింది.

"నిన్ను నమ్మిన బిడ్డా," అన్నది. మా ఆయన పక్కనే ఉన్నడు. ఆయన దిక్కు మాత్రం చూడలే.

పండుగ అయినంక మూడు రాళ్లు పెట్టి, నేల మీదనే పొయ్యి రాజేసుకున్నం. అవ్వ తన గంప జరుపుకొని నాకు జాగా ఇచ్చింది. కొన్నేండ్లకు ఒక రేకుల కొట్టు కిరాయికి దొరికింది, గిరాకీ నిలబడ్డది, మా పిల్లలు ఆ కొట్టు రాబడి మీదనే చదువుకున్నరు. ముసలితనంల మా ఆయన మంచాన పడ్డప్పుడు, గంజి తాగిచ్చుకుంట మళ్లొక్కసారి అడిగిన.

"నిజం జెప్పు. ఆనాడు జెప్పినవా?"

"ఇంకా అదే పట్టుకోని ఉన్నవా?" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.