తోడేలు వేషం కట్టిన ఎల్లేశం

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు ఎల్లేశం ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. గనిలో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని అతనిది. అలాంటివాడు మొన్న ఆదివారం పెరట్లో నిలబడి కుక్కనూ కూతురినీ నన్నూ వరసపెట్టి తిట్టాడంటే, కారణం సినిమా.

కూతురు శోభ కాలేజీ పోటీ కోసం ఫోనుతో చిన్న భయం సినిమా తీస్తోంది. కథ నాది. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో ఒక సిస్టర్ చెప్పిన తోడేలు మనిషి కథను కొంత సాగదీసి, మా మేనమామ గోదావరి ఒడ్డున దాన్ని కళ్లారా చూశాడని కలిపాను. పున్నమికి ఇంటి యజమాని తోడేలవుతాడు. భార్య పోల్చుకోదు, కుక్క మీదపడి మొరుగుతుంది. ఎల్లేశం భార్య రాజకుమారే సినిమాలో భార్య, వాళ్ల కుక్క డోజరే కుక్క. తోడేలు మాత్రం తానేనని ఎల్లేశం పట్టుబట్టాడు. షిఫ్టుల వల్ల కూతురు బడిలో ఆడినా పాడినా ఏనాడూ చూడలేకపోయాడు. ఇదొక్కటైనా చేసిపెట్టాలని ఆదివారం డ్యూటీ వదులుకున్నాడు.

నల్ల గొంగడి కప్పాం. థర్మాకోల్ కోరలు పెట్టాం. భయంకరంగా ఉండాలని మొహం నిండా బొగ్గుపొడి పూశాం. అక్కడే చెడింది.

ఎల్లేశం గని దగ్గర స్నానం చేయడు. బొగ్గు మొహంతోనే ఇంటికి వస్తాడు. డోజర్‌కు ఆ నల్ల మొహమంటే షిఫ్టు దిగిన యజమాని, టిఫిన్ డబ్బాలో మిగిలిన రొట్టెముక్క.

ఎల్లేశం గుర్రుమంటూ దూకాడు. డోజర్ ఎదురెళ్లి, రెండు కాళ్లూ అతని ఛాతీ మీద వేసి, ఒక కోర నాకి ఊడదీసింది.

"మొరుగురా! నేను తోడేలును!"

"బాపూ, దాన్ని బతిమాలకు. భయపెట్టు."

"భయపెడ్తనే ఉన్న. అది తోక ఊపుతాంది!" నా వైపు తిరిగాడు. "కాకా, నీ కతల కుక్క మొరుగుతది, నాది ఎందుకు మొరుగది?"

"నా కతల కుక్క సిస్టర్ల దగ్గర సదువుకున్నదిరా," అన్నాను.

"రోజు గదే మొహంతోని వస్తడాయె, అదెట్ల మొరుగుతది?" అంది రాజకుమారి.

మొహం కడిగించాం. గొంతు గుర్తుపట్టింది. నోరు మూయించాం. వాసన గుర్తుపట్టింది. ఎల్లేశం గొంగడి విసిరికొట్టి, మళ్లీ తానే ఏరుకుని కప్పుకున్నాడు.

"బాపూ, పొద్దుగూకుతాంది. రేపే పంపాలె," అంది శోభ. "నౌమాన్ అన్నను పిలుస్త."

నౌమాన్ వీధి చివర బైకులు బాగుచేసే కుర్రాడు.

"నేనుండంగ వాడెందుకు?"

"కుక్క మొరగాలె గద బాపూ."

ఎల్లేశం గొంగడి తీసి ఇచ్చి, పెరట్లో మంచం మీద కూర్చున్నాడు.

నౌమాన్ దాన్ని ఇంకా సరిగా కప్పుకోనే లేదు, డోజర్ మొరుగుడు లంకించుకుంది. ఆ మొరుగుడుకు ఏటి అవతల మంచిర్యాల కుక్కలు బదులిచ్చాయి. నేను స్వయంగా విన్నాను.

"అన్నా! జల్ది పట్టుకో దీన్ని! ప్యాంటు పాయె!" గోడెక్కి అరుస్తున్నాడు నౌమాన్.

ఎల్లేశం మంచం మీంచి కదల్లేదు. "మొరుగు బిడ్డా, ఇంకా మొరుగు. పొద్దుగాలటి సంది యాడ దాసుకున్నవ్ గొంతు?"

"సూపర్ వచ్చింది!" అని శోభ ఎగిరి గంతేసింది. ఎల్లేశం మొహం ఇంకాస్త ముడుచుకుంది.

ఇక మిగిలింది చివరి సీను. చచ్చిన తోడేలు మళ్లీ మనిషవుతాడు.

"రా బాపూ, పండుకో."

"అంటే, మొరిగిపిచ్చుకునేటందుకు వాడు, సచ్చేటందుకు నేనా?"

"సచ్చినంక నీ మొహమే దగ్గరికొచ్చి తీస్త. నౌమాన్ అన్నది గొంగడే కనపడుతది, మొహం కనపడది."

ఎల్లేశం సణుగుతూనే వచ్చి నేల మీద పడుకున్నాడు. రాజకుమారి అవసరానికి మించి ఏడుపు మొదలుపెట్టింది. అది విని డోజర్ పరుగున వచ్చి ఎల్లేశం చెవి నాకసాగింది.

"ఛీ, పో! అప్పుడు మొరగనోనివి ఇప్పుడెందుకురా?"

"బాపూ! సచ్చినోళ్లు తిట్టరు!"

"దీన్ని తిట్టకుండ ఎట్ల సావాలె?" అని అరిచాడు ఎల్లేశం, నేల మీంచి లేవకుండానే. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. "మల్ల తియ్యి. ఈసారి మంచిగ సస్త."