తుంటికి వేసిన సూది

నా చిన్నప్పుడు ఒకసారి రంజాన్ నడి ఎండాకాలంలో వచ్చింది. హసన్‌పర్తిలో తల్లి లేని నన్ను పెంచింది మా దాదీ, నాన్నను కన్న తల్లి. మహా మొండిది. మోకాళ్లు వాచి నమాజుకు వంగలేకపోతున్నా ఒక్క రోజా కూడా వదలనంది. పగలు మాత్ర మింగితే ఉపవాసం పోతుంది కదా, అందుకని మా వాడలో సూదులు వేసే చాచాను ఇంటికే పిలిపించుకునేది. సూది తుంటికే కాబట్టి ఖాళీ కడుపుకు ఏమీ కాదని ఆమె ధీమా. నొప్పి ఇట్టే తగ్గేసరికి రోజూ కావాలంది. చాచా కాదనలేదు, ఏమీ అడగనూ లేదు.

అలా వారం గడిచాక ఒక మధ్యాహ్నం దాదీ గోడ పట్టుకుని నడిచింది. పెదవులు తెల్లబడ్డాయి. ఉపవాసపు నీరసమే అనుకున్నాం. చాచా సిరంజిలోకి మందు ఎక్కిస్తుండగా పక్కింటి అక్క వచ్చింది. ఆమె పెద్ద దవాఖానలో నర్సు. దాదీ కంటి రెప్ప కిందికి లాగి చూసి, చాచాను ఆగమంది.

"దాదీ, దొడ్డికి ఎట్ల పోతానవ్?"

దాదీ కొంగు ముఖానికి కప్పుకుంది. పరాయి మగవాడి ముందు ఆ మాట ఎలా చెబుతుంది? అక్క చాచాను వాకిట్లోకి పంపాక గాని నోరు విప్పలేదు. రెండు మూడు రోజులుగా నల్లగా, తారులా పోతోందట. లోపల నెత్తురు కారుతోందని, రోజూ పడుతున్న నొప్పి సూదే కడుపును పుండు చేసిందని అక్క చెప్పింది.

దాదీ నమ్మలేదు. తుంటికేసిన సూది కడుపునేం చేస్తుందని దబాయించింది. అక్క కోప్పడలేదు.

"తుంటికేస్తె మోకాలి నొప్పి తగ్గింది గద. మందు ఆడిదాక ఎట్ల పోయింది?"

"నెత్తుట్ల" అంది దాదీ.

"మరి అదే నెత్తురు కడుపుకు పోదా?"

దాదీ సరేనంది. అయినా ఇఫ్తార్ అయ్యాకే దవాఖానకు వస్తానంది. పొద్దు గుంకడానికి ఇంకా చాలా సేపుంది. "పానముంటె పోయినదానికి బదులు తర్వాత ఖజా రోజా పెట్టుకుందువు గని, లే" అంటూ అక్క ఆమెను ఆటో ఎక్కించింది. దారంతా దాదీ చల్లటి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఏడవడానికి కూడా భయమేసింది.

దవాఖానలో నెత్తురు ఎక్కించారు. దాదీ బతికింది. పోయిన రోజాలన్నీ చలికాలంలో ఉండి తీర్చుకుంది.

ఇప్పుడు నా మోకాళ్లూ అరిగాయి. సూది చెడ్డదని నేననను, డాక్టరు వేస్తానంటే వేయించుకుంటాను. అయితే సిరంజి తీయకముందే ఏ మాత్రలు మింగుతున్నానో, కడుపులో మంట ఉందో లేదో, తిన్నానో లేదో చెప్పేస్తాను. మొన్న బయట కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేలా దొడ్డి సంగతి చెబితే మా కోడలు సిగ్గుతో తల దించుకుంది. నేను దించుకోలేదు. ఆ ఒక్క మాట కొంగు కింద దాచుకోబట్టే మా దాదీ చావు దాకా పోయి వచ్చింది.