వల వాటా వలకే

నా చిన్నప్పుడు, మా ఊరి జీపు అమ్మేస్తున్నారన్న కబురు మొదట నా చెవిన వేసింది పక్కింటి అక్క. నీళ్ళబిందె గుమ్మంలో దింపి, "మీ అమ్మకి సెప్పకే" అంది. అమ్మ అరుగు మీదే ఉంది, వినేసింది. నా చేత దిద్దిస్తున్న పలక పక్కన పెట్టేసింది.

మాది సంతబొమ్మాళి దాటాక ఇసకలో నడిచి చేరే చేపలవాళ్ళ ఊరు. అమ్మకి కిడ్నీ జబ్బు. వారానికోసారి ఆమెను టెక్కలి ఆసుపత్రికి చేర్చేది ఆ ఒక్క జీపే. నేను బడికి వెళ్ళలేదు. నాకు వచ్చిన అక్షరాలన్నీ అమ్మ ఆ జబ్బుతోనే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినవి. జీపు పోతే అమ్మ ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

జీపు నడిపే ఆయన్ని మేమంతా జీపు మావయ్య అనేవాళ్ళం. ఆయన్నీ తప్పుపట్టలేం. ఇసకా ఉప్పుగాలీ కలిసి బండిని తినేస్తున్నాయి. మూడు నెలలకోసారి కట్టే రోడ్డు పన్ను మాత్రం తారురోడ్డు మీద తిరిగే జీపుకెంతో ఆయన జీపుకీ అంతే. పలాసలో ఎవరో కొంటామన్నారు. "రోడ్డు నేని ఊరికి బండి పన్నేటి అత్తా? ఇంక నావల్ల కాదు" అని మా నాయనమ్మ ముందు తల వంచుకున్నాడు. నాయనమ్మ ఆయన్ని తిట్టలేదు, బతిమాలలేదు. గ్రామసభ అయ్యేదాకా ఆగమని మాత్రం అడిగింది.

గ్రామసభకి టెక్కలి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన బండి ఇసకలో దిగబడిపోతే, బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డుకి నడిచొచ్చాడు. అప్పుడే పెద్దవల లాగారు. పట్టిన చేపల్ని వాటాలు వెయ్యడం మా నాయనమ్మ పని. ఆమె చెయ్యి ఎటూ మొగ్గదని ఊరందరికీ నమ్మకం. ముందు గంగమ్మ తల్లికి, తర్వాత పడవకి, వలకి, ఆ తర్వాతే మనుషులకి. వల వాటా అమ్మితే వచ్చిన డబ్బు వల బాగుచేయించడానికే. ఎంత ఆకలేసినా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆ రోజు ఆమె వల వాటా కుప్పని తీసుకెళ్ళి ఆఫీసరు కాళ్ళ దగ్గర పోసింది.

వల లాగినవాళ్ళు గొల్లున నవ్వారు. "ఏటే ముసిల్దానా, మతి పోయిందేటి? వల వాటా బాబుకిచ్చేత్తే, రేపు వల సినిగితే నీ కోకతో కుడతావేటి?" అన్నాడు ఒకాయన.

ఆఫీసరు ఇబ్బందిగా వెనక్కి జరిగాడు. "నాకెందుకమ్మా? వల వాటా వలకే చెందాలి కదా."

"అదే బాబూ, నువ్వే సెప్పినావు," అంది నాయనమ్మ. "మా జీపు కట్టిన పన్ను కూడా అలాటిదే గదా. అది మా దారికి రావద్దా? రాకపోతే ఎటెల్లిపోతందో కనుక్కుని సెప్పు."

నవ్వులు ఆగిపోయాయి. పన్ను తగ్గించడం తన చేతిలో లేదని, రోడ్డు వెయ్యడమూ లేదని ఆఫీసరు నిజమే చెప్పాడు. కానీ ఆమె మాటని ఆమె మాటగానే కాగితం మీద రాసుకుని, కింద ఊరందరి చేతా వేలిముద్రలు వేయించాడు.

కాగితం వెళ్ళింది గానీ కంకర వెంటనే రాలేదు. వచ్చేదాకా ప్రతి వలలోనూ జీపుకొక వాటా తియ్యాలని ఆ సాయంత్రమే ఊరు ఒప్పుకుంది. జీపు మావయ్య అమ్మకం మానుకున్నాడు. రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోనన్నాడు, పుచ్చుకోలేదు. పన్ను మాత్రం ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. కట్టకపోతే అడిగే నోరుండదనేవాడు.

రోడ్డు వచ్చేసరికి అమ్మ లేదు. కానీ ఆ జీపు తిరిగిన రెండేళ్ళలో ఆమె నాకు చదవడం పూర్తిగా నేర్పి వెళ్ళింది. ఆ తల్లి గంగమ్మ పెట్టిన భిక్ష అది. తమ వంతు ఇచ్చినవాళ్ళు లెక్క అడగడం తగువు కాదని, అడిగాక చేతులు ముడుచుకు కూర్చోకూడదని నాకు తెలిసింది మాత్రం ఆ రోజే. ఇప్పటికీ ఏ ఆఫీసులో నిలబడినా అదే నా ధైర్యం.

మీరు మంచి రోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఒక్క క్షణం, దారి లేని ఊళ్ళో దారి కోసం పన్ను కట్టిన మా జీపు మావయ్యని తలుచుకోండి.