పెరుగు మానేసిన ఎండాకాలం

మా మనవరాలు విజయనగరం కాలేజీ హాస్టల్ నుంచి ఎండాకాలం సెలవులకు వచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నమే, అన్నం ముందు కూర్చుని పెరుగు గిన్నెను చేత్తో పక్కకు తోసేసింది. మా ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాళ్లు ఉప్పు తక్కువని అనొచ్చు, కారం ఎక్కువని అనొచ్చు. పెరుగు గిన్నెను తోసినవాళ్లను మాత్రం నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి చూడలేదు.

“ఏటే, జొరమా?” అని నుదురు పట్టి చూశాను.

“జొరం కాదు మామ్మా. నాను వీగన్ అయిపోనాను.”

“అదేటి, కొత్త సదువా?”

పక్కన తింటున్న మా అబ్బాయి, అంటే దాని తండ్రి, తల ఎత్తకుండానే చెప్పాడు. “సదువు కాదమ్మా, పద్ధతి. సేపలూ మాంసం తినరు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు.”

చేపలూ మాంసం నేను మానేసి చాలా ఏళ్లయింది. ఒక కార్తీకమాసంలో శ్రీముఖలింగం వెళ్లి వచ్చి ఆ నెలకని మానేశాను. నెల అయ్యాక చూస్తే ఖర్చు తగ్గింది, మళ్లీ మొదలుపెట్టలేదు. కాబట్టి ఆ సగం నాకు కొత్త కాదు. మిగతా సగం ఎందుకో చెప్పమన్నాను.

“పాలు దూడవి మామ్మా. దూడ నోటికాడవి లాక్కుని మనం తాగితే అది దొంగతనం.”

మాది పొందూరుకు దగ్గర పల్లె. నా మోకాళ్లు మొరాయించాక ఇంట్లో గేదెను అమ్మేశాం. అప్పటి నుంచి ప్యాకెట్ పాలే. ప్యాకెట్ కత్తిరించాక అందులో కాసిని నీళ్లు పోసి, కడిగి, ఆ నీళ్లు కూడా పాలలో కలిపేదాన్ని. కవర్లు ఉతికి తాడు మీద ఆరేసి, పప్పూ కారం పోసుకోవడానికి దాచేదాన్ని. దొంగతనం అన్న మాట నాకు వెంటనే నచ్చింది. ఆ ప్యాకెట్ ధర చూసినప్పుడల్లా నేనూ అదే అనుకునేదాన్ని. దొంగ ఎవరన్న దగ్గరే మాకు తేడా.

“అయితే రేపట్నుంచి ఈ ఇంట్లో పాలు నేవు. పెరుగు నేదు, నెయ్యి నేదు. గుంట సెప్పిందంటే నాయం ఉన్నాది” అన్నాను.

మనవరాలు నన్ను వాటేసుకుంది. మా కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అత్తా, మరి టీ?”

“డికాసిన్ తాగు. రంగు ఒకటే కదా.”

“రంగు తాగుతామేటి అత్తా!”

నా ఇంట్లో నేను ఒక మాట అన్నాక అది దిగదు. అందరికీ తెలుసు. అందుకే మా అబ్బాయి మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని, పొలం అటు ఉంటే, ఇటు సెంటర్ లోని టీ బడ్డీ వైపు నడిచాడు. పొలానికి కొత్త దారి అటు నుంచి వేశారేమో అని నేనూ అడగలేదు.

మొదటి రోజు హాయిగా గడిచింది. రెండో రోజు రాత్రి అన్నంలోకి పప్పు అయింది, చారు అయింది, నేను చెయ్యి కడుక్కుని లేచాను. లేచి మళ్లీ కూర్చున్నాను. ఇంకా ఏదో రావాలి. చివర మజ్జిగ పోసుకోకపోతే భోజనం అయిపోయిందని కడుపుకు ఎవరు చెప్తారు? పుట్టిన దగ్గర నుంచి నా కడుపుకు అదే గుర్తు. పొద్దున్న చద్దన్నంలో కూడా మజ్జిగకు బదులు నీళ్లు పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని తిన్నాను. చద్దన్నం నా వైపు చూస్తున్నట్టు అనిపించింది. ఎండలు మండిపోతున్నాయి. చల్లని మజ్జిగ ఒక్క గ్లాసు, కాస్త ఉప్పు, నలిపిన కరివేపాకు వేసింది దొరికితే చాలుననిపించేది. కానీ నోటితో అన్న మాట ఉంది కదా. ఆ మాట దిగకుండా మజ్జిగ నా గొంతు దిగే దారి నాకు కనిపించలేదు.

మనవరాలు సెల్లులో చూసి వేరుశనగ గుళ్లతో పెరుగు చేస్తానంది. గుళ్లు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచింది. తోడు పెరుగు వేయకూడదట. ఎండుమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టింది. తెల్లారేసరికి అది గడ్డ కట్టింది. అబద్ధం చెప్పను, గడ్డ మాత్రం బాగా కట్టింది. గోడకు వేసినా నిలిచేది.

మా అబ్బాయి ఒక ముద్ద కలుపుకుని నా మొహం చూశాడు. “అమ్మా, ఇది పెరుగేనంటావా?”

“మరేటి, నీ మొకమా? తిను.”

“నువ్వు తింతన్నావా?”

“తింతన్నాను. బాగున్నాది” అన్నాను. నీళ్లు తాగి మింగాను.

అసలు బాధ పెరుగుతో కాదు, పిప్పితో వచ్చింది. గుళ్లు పిండగా మిగిలిన పిప్పిని పారేస్తానంది ఆ పిల్ల. నా కళ్ల ముందు గింజల పిప్పి పారేస్తారా? మొదట పచ్చడి చేశాను. తర్వాత వడలు వేశాను. తర్వాత అట్లలో కలిపాను. వంకాయ కూరలో, చారులో, ఆఖరికి ఉప్మాలో కూడా వేశాను. రోజూ పెరుగు, రోజూ పిప్పి. “అత్తా, మనం గేదెని అమ్మీసి మనమే గేదెలం అయిపోనాం. తెలకపిండి ఒకటే తక్కువ” అంది కోడలు. నేను వినిపించుకోలేదు.

ఇంతలో సోమవారం వచ్చింది. మనవరాలిని తీసుకుని శ్రీముఖలింగం వెళ్లాను. అభిషేకం అయ్యాక పూజారి గారు నా దోసిట్లో పంచామృతం పోశారు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె. నేను మానేసినవన్నీ ఒక్క దోసిట్లో! తాగుదామని చెయ్యి నోటి దాకా తెచ్చాను. పక్కన మనవరాలు నా వైపే చూస్తోంది. దేవుడి ప్రసాదం కింద పారబోయకూడదు, ఈ పిల్ల ముందు తాగకూడదు. ఏం చెయ్యను? తీర్థం తడి తలకు రాసుకున్నట్టుగా, దోసిలి మొత్తం నెత్తిన పోసుకున్నాను.

తిరుగు బస్సులో ఈగలు నన్నే చూసుకుని ఎక్కాయి. పక్క సీటులో బుట్ట పెట్టుకుని కూర్చున్న ఆమె చాలాసేపు ఓర్చుకుంది.

“అప్పా, నెత్తిమీద బెల్లం ఏటైనా పట్టుకెల్తన్నావా?”

“పెసాదం” అన్నాను.

“అమ్ముతావేటి?”

మనవరాలు కిటికీ వైపు తిరిగి, చున్నీ నోట్లో కుక్కుకుంది. బస్సు దిగాక మెల్లగా అడిగింది.

“మామ్మా, నీకు ఎప్పుడూ... ఒక్క గ్లాసు మజ్జిగ తాగాలని అనిపించదా?”

దాని గొంతులో ఏదో ఆశ ఉంది. నాకు ఆ వేళ అది పరీక్షలా వినిపించింది. “నాకేటి అవసరం? నువ్వు ఒగ్గీమన్నావు, ఒగ్గీసినాను. మనం సచ్చేదాకా అంతే” అన్నాను గట్టిగా.

దాని మొహం వాడిపోయింది. “సచ్చేదాకానా?” అంది.

తర్వాత నుంచి అది రోజూ పక్కింటికి వెళ్లడం చూశాను. పక్కింటామె నేనూ ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఆమె గేదె నిండు చూలుతో ఉంది. గేదెను చూడడానికి వెళ్తున్నానని మనవరాలు చెప్పేది. గేదె పెరట్లో ఉంటే, ఈ పిల్ల మాత్రం ఆమె వంటింటి గుమ్మంలో పెరుగు ఉట్టి కింద నిలబడి ఉండేది. అప్పుడు నాకు అర్థమైంది. పిల్లకూ మనసు పీకుతోంది, నాకు భయపడి నోరు మూసుకుంది. నా మాట నన్ను ఒక్కదాన్నే కాదు, దాన్నీ కట్టేసింది. విప్పుదామంటే ముడి నా చేతులతోనే వేశాను. అందరి ముందూ ఏ మొహంతో విప్పను?

ఒక రోజు పొద్దున్న పక్కింటి గేదె ఈనింది. సాయంత్రం కాకముందే వదిన గిన్నెడు జున్నుపాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. జున్నుపాలు మా వీధిలో ఎవరూ అమ్మరు, ఊరికే పంచుతారు. ఎవరూ వద్దనరు కూడా. వద్దంటే గేదె పొదుగు ఎండిపోతుందని భయం. పాలు తీసుకుని, గిన్నె కడగకుండా, చిటికెడు పసుపు వేసి తిరిగి ఇవ్వాలి. మా అత్తగారి నాటి నుంచీ ఇదే.

“ఏటి వదినా, అలా సూస్తన్నావు? పుచ్చుకో.”

“మేం పాలు ఒగ్గీసినాం కదా వదినా.”

“పాలు ఒగ్గీసుకో, ఎవులొద్దన్నారు? జున్నుపాలు కాదంటావేటి? నా గేదె పొదుగు ఎండిపోవాలని సూస్తన్నావా?”

చిక్కటి పసుపుపచ్చ పాలు. మా కోడలు వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. మా అబ్బాయి అరుగు మీద లేచి నిలబడ్డాడు. మనవరాలు గిన్నెలోకి చూసి, గుటక వేసి, “మరి దూడకో?” అంది. అడగాలి కనుక అడిగిందంతే.

“దూడ తాగి తాగి పడుకున్నాదే. ఇవి దానికి ఎక్కువైనవే. అన్నీ తాగితే దానికి పొట్ట సెడదేటి?”

ఆ మాట వినగానే నాకు ముడి కొస దొరికింది. అయితే దొరికిందని మొహంలో కనపడనివ్వలేదు.

“నువ్వు సెప్తే సరిపోదు వదినా. నాను సూడాల” అన్నాను.

గిన్నె గూట్లో పెట్టించి, మనవరాలిని తీసుకుని ఆమె పాకలోకి వెళ్లి పీట వేసుకుని కూర్చున్నాను. వదిన దూడను లేపి పొదుగుకు అందించింది. అది తాగింది. ఆగింది. తోక ఊపి మళ్లీ తాగింది. నేను వంగి దాని కడుపు నొక్కి చూశాను.

“ఈ ఎడం పక్క కాస్త ఒదులుగా ఉన్నాది” అన్నాను.

“ఓలమ్మా! నా కోడల్ని తెచ్చుకున్నప్పుడు కూడా నాను ఇంత సూడనేదు వదినా!”

దూడ మూతి నిండా నురగతో పక్కకు వెళ్లి కూలబడింది. మనవరాలు దాన్ని రెండు చేతులతో ఎత్తి మళ్లీ పొదుగు దగ్గరికి తీసుకెళ్లింది. దూడ మొహం తిప్పుకుంది. ఇటు వైపు నుంచి పెట్టింది. అటు తిప్పుకుంది.

“మామ్మా! ఒద్దంతన్నాది!” అని అరిచింది. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా అంత సంతోషంగా అరవలేదు.

“ఇంకోపాలి పెట్టు. తొందరపడకూడదు.”

ఇంకోసారి పెట్టింది. దూడ దాని మొహం మీద తుమ్మింది.

“ఇంకేటి సూస్తావు వదినా? ఏలుముద్ర ఎయ్యమంటావా దాన్ని?” అంది వదిన.

నేను లేచి చీర దులుపుకున్నాను. “దూడ కడుపు నిండినాక మిగిలినవి తాగితే అది దొంగతనం కాదు. ఒలికిపోకుండా సూడ్డం. అంతేనేటే?”

“అంతే మామ్మా. దీన్ని మామూలుగా వెజిటేరియన్ అంటారు” అంది, మొహం తుడుచుకుంటూ.

“పేరు ఏదైతేనేటి. నడు.”

మేం ఇంటికి వచ్చేసరికి కోడలు పొయ్యి మీద ఎసరు పెట్టేసింది. బెల్లం కోరేసింది, మిరియాలు దంచేసింది. ఆవిరి మీద జున్ను ఉడుకుతుంటే నలుగురం వంటింట్లోనే నిలబడ్డాం. ఆ రోజు టీ బడ్డీకి వెళ్లే పని మా అబ్బాయికి గుర్తు రాలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నలుగురం మళ్లీ గిన్నె వైపే చూశాం. రెండో ముక్క వేసుకున్నాక నేను గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే గట్టిగా చెప్పాను.

“రేపట్నుంచి ఈ ఇంట్లో పాలు, పెరుగు ఉంటాయి. పేకెట్ కాదు, వదిన ఇంటివే. దూడ తాగినాకే. నా మాట అంటే మాట.”

“అలాగే అమ్మా” అన్నాడు అబ్బాయి. “అలాగే అత్తా” అంది కోడలు. “అలాగే మామ్మా” అంది మనవరాలు, నోటి నిండా జున్నుతో. అన్నేళ్ల పెత్తనంలో నా మాటకు అంత తొందరగా తలలు ఊగడం నేను ఎన్నడూ చూడలేదు.