వీపుల వెంకటప్ప

ధర్మవరంలో ఫోటో స్టూడియో పెట్టుకున్న వెంకటప్పకు ఒకటే తెగులు. ధర్నా ఎక్కడ జరిగినా కెమెరా మెడలో వేసుకుని పోతాడు. పోయి, అందరి వీపులూ తీసుకొస్తాడు. మనిషికి ముఖం కూడా ఉంటుందని ఆయన కెమెరాకు ఎవరూ చెప్పినట్టు లేదు. పెనుకొండ దాకా బస్సెక్కి పోయి, రీలు మొత్తం ముప్పయ్యారు వీపులతో తిరిగొచ్చిన రోజులున్నాయి.

చేనేత సంఘం నాయకుడు మార్కండేయులుకు ఇది తీరని అవమానం. మూడు రోజులు నిరాహార దీక్ష చేస్తే, పేపర్లో ఆయన చొక్కా చిరుగు ఒక్కటే పడింది.

"ఏమప్పా, నా వీపు చూసి మంత్రి భయపడతాడా?"

"చొక్కా బాగానే వచ్చింది కదన్నా."

"ముందరికొచ్చి తీస్తే నీ సొమ్మేం పోతాది?"

"ఎండ కంట్లో పడతాదన్నా."

మబ్బు పట్టిన రోజు కూడా అదే జవాబు.

వీపుల వెంకటప్పన్న పేరు ఊరంతా పాకాక పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. పెళ్ళికూతురి జడ ఫోటో తీసి చేతులు దులుపుకుంటాడని వాళ్ళ భయం. ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండానే షట్టరు దించిన రోజులు ఆయనకు లెక్కలేనన్ని. ఒంటరితనం అలవాటవుతుందంటారు గానీ, ఆయనకు కాలేదు.

2001లో ముడిపట్టు ధర మీద నేతగాళ్ళు రాస్తారోకో చేశారు. ఎవరో విసిరిన రాయికి బస్సు అద్దం పగిలింది. ముందు వరుసలో కూర్చున్న వాళ్ళందరి మీదా కేసంటూ ఎస్సై బయల్దేరాడు. మగ్గం మీద ఇద్దరు కూతుళ్ళను సాకుతున్న కుళ్ళాయమ్మ ఆ వరుసలోనే ఉంది. ఆమెకు ముద్ద దిగలేదు. ఫోటోల కోసం ఎస్సై నేరుగా స్టూడియోకే వచ్చాడు. వెంకటప్ప ఎంతో మర్యాదగా రీలులోని ముప్పయ్యారు ఫోటోలూ బల్ల మీద పరిచాడు.

"ముఖాలేవి?"

"ముందరపక్క ఉంటాయి సార్."

"నువ్వెక్కడ ఉన్నావు?"

"ఎనకపక్క సార్."

ఎస్సై వీధిలో విచారించాడు. వీడు వీపులు తప్ప తీయడని వీధంతా ఒక్క గొంతుతో చెప్పింది. కేసు అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం మార్కండేయులు వచ్చి స్టూడియోలో కూలబడ్డాడు. "తెలిసే చేస్తాండావా ఇదంతా?"

"హిందూపురంలో ఉన్నప్పుడు మిల్లు ముందర ధర్నా ఎదురుగా తీసినానన్నా. పేపర్లో పడింది. మొకాలు చూసి పదకొండు మందిని పనిలోంచి తీసేసినారు. ఇంగ ఆ ఊర్లో ఉండబుద్ధి కాలేదు."

"మాకు చెప్పుంటే ఏమప్పా?"

"చెప్పుంటే ఈ పొద్దు ఎస్సైతో మీరంతా అబద్ధమాడాల్సి వచ్చేది."

ఏడేళ్ళుగా ఈ మనిషిని తిట్టిన మార్కండేయులు లేచి, బల్ల మీది వీపుల్లో తనది వెతుక్కున్నాడు.

మరుసటి నెల ధర్నాలో మధ్యాహ్నం కుళ్ళాయమ్మ వెనక్కి తిరిగి వెంకటప్పను పిలిచింది. "ఆడ ఒగడివే ఏం నిలబడతావప్పా? ఈడికొచ్చి కూచో, సంగటి తిందువు."

ఆ ధర్నాకు ఒక్క ఫోటో కూడా లేదు. తీయాల్సిన మనిషి ముందు వరుసలో కూర్చుని రెండో ముద్ద పెట్టించుకుంటున్నాడు.