గరుడపాదం రేవు

నారాయణమూర్తి రాజోలు బస్టాండు వెనక డీటీపీ సెంటరు నడుపుతాడు. పెళ్ళికార్డులు, దినకార్యం కార్డులు, కరపత్రాలు ఆయన బతుకుతెరువు. స్థలపురాణాలు ఆయన సరదా. చిన్నతనంలో తాతగారి పక్కన కూర్చుని నాలుగు పురాణాలు చదివాడు. పాడుబడ్డ గుళ్ళ వెంట తిరిగి శాసనాల లిపిని కూడబలుక్కోవడం తనంతట తనే నేర్చుకున్నాడు. అందుకని చుట్టుపక్కల ఏ లంకలో గుడి కట్టినా, ముప్ఫై రెండు పేజీల పుస్తకం రాసిపెట్టమని ఆయన దగ్గరికే వస్తారు. చరిత్ర దొరికితే రాసేవాడు, దొరక్కపోతే అల్లేవాడు. దేవుడి మీద నాలుగు మంచిమాటలు అల్లితే ఎవరి సొమ్ము పోయిందిలే అనుకునేవాడు.

ఆరేళ్ళ కిందట తాటిలంక నుంచి బాపిరాజు వచ్చాడు. రొయ్యల చెరువులు కలిసొచ్చి, గోదావరి పాయ వైనతేయ గట్టున వేణుగోపాలస్వామికి గుడి కట్టించిన పెద్దమనిషి ఆయన. విగ్రహాన్ని ఆళ్ళగడ్డలో చెక్కించి లారీలో తెప్పించారు. లారీలోంచి దింపుతుంటే నారాయణమూర్తి కూడా ఓ చెయ్యి వేశాడు.

"కొత్తగుడి అంటే జనం రారండి. కాస్త పాతది చెయ్యండి," అన్నాడు బాపిరాజు.

"ఎంత పాతది చెయ్యమంటారు రాజుగారూ?"

"వెయ్యేళ్ళు చాలండి. మరీ ఎక్కువైతే నమ్మరు."

నారాయణమూర్తి నవ్వుకుంటూ రాశాడు. ఓ చాళుక్యరాజుకు స్వామి కలలో కనిపించాడన్నాడు. గుడి వరదలో మునిగిందన్నాడు, వెయ్యేళ్ళకు మళ్ళీ బయటపడిందన్నాడు. తీరా చూస్తే ఆఖరి పేజీ అడుగున నాలుగు లైన్ల ఖాళీ మిగిలింది. ఆయన కంటికి ఖాళీ పేజీ బోసిగా కనిపిస్తుంది. "అమృతభాండముతో పోవుచు గరుత్మంతుడు ఇచ్చటి రేవున ఒక పాదము మోపెను. ఆ పాదముద్రలోని జలము సర్వరోగ నివారిణి" అని కొట్టి ఖాళీ పూడ్చాడు. పుస్తకం అచ్చయింది. ఆ మాట ఆయన మరిచిపోయాడు.

మొన్న మాఘమాసంలో గుడి వార్షికోత్సవానికి శాలువా కప్పుతామని పిలిస్తే వెళ్ళాడు. ఇంకా వేళ కాలేదని రేవుకేసి నడిచాడు.

ఒకప్పుడు అక్కడ గంగరావి చెట్టు కింద పోలమ్మ రాయి ఉండేది. చేపల వేటకెళ్ళేవాళ్ళు ఆ రాయికి పసుపు రాసి, కోడిని కోసి, పడవ తీసేవారు. ఇప్పుడు చెట్టూ లేదు, రాయీ లేదు. పాలరాతి మెట్లున్నాయి. మెట్ల నడుమ మూడు గోళ్ళతో, స్నానాల తొట్టెంత సిమెంటు పాదం ఉంది. అందులో నీళ్ళు పచ్చగా, జిగురుగా నిలిచి ఉన్నాయి. ఎగువ రొయ్యల చెరువుల మురుగు వచ్చి కలిసేది సరిగ్గా అక్కడే. కుళ్ళిన బంతిపూలు, అరటితొక్కలు, ఎవరో తీయించుకున్న పుట్టువెంట్రుకలు ఆ నీళ్ళలో తేలుతున్నాయి. చచ్చిన రొయ్య కంపు గొంతులో పట్టేసింది. ఓ చిన్నపిల్ల లాంటి తల్లి ఆ నీళ్ళు దోసిట పట్టి, జ్వరంతో మూలుగుతున్న పసివాడి నోట్లో పోస్తోంది.

"అవి పట్టకమ్మా, మురుగు నీళ్ళు," అన్నాడాయన గబగబా అడ్డం వెళ్ళి.

"పుస్తకంలో ఉందండి," అంది ఆ పిల్ల. సంచిలోంచి తీసి చూపించింది. అట్ట మీద ఆయన పేరే ఉంది.

నారాయణమూర్తికి మురుగు మీద కాదు, తన మీదే రోత పుట్టింది.

నేరుగా బాపిరాజు దగ్గరికి వెళ్ళి, "ఆ పాదం సంగతి నేను కల్పించిందండి. పేజీ నిండక రాశాను," అన్నాడు.

"ఆయ్, మీరనుకుంటున్నారు గానీ స్వామే రాయించేరండి," అన్నాడు బాపిరాజు చల్లగా.

మైకు అందగానే నారాయణమూర్తి ఆ మాటే జనానికీ చెప్పాడు. కల అబద్ధం, వరద అబద్ధం, పాదం అబద్ధం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బాపిరాజు మైకు అందుకుని, "ఎంత రాసినా నాదేం లేదంటున్నారు. పండితుల వినయం అలా ఉంటాదండి," అన్నాడు. శాలువా కప్పారు. చేతిలో చక్కెరపొంగలి పెట్టారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే రేవు కంపే తగిలింది. కాలవ గట్టుకి పోయి ఉమ్మేశాడు.

అక్కణ్ణుంచి పోలమ్మ రాయి జాడ కోసం జాలర్లుండే పల్లెపాలెం వెళ్ళాడు. పోలమ్మకు తరతరాలుగా దీపం పెట్టే ఇంటి ముసలమ్మ మరిడమ్మ, వాకిట్లో వల బాగుచేసుకుంటోంది. పోలమ్మ రాయి ఆమె పెరట్లో, నీళ్ళ కుండీ పక్కన ఉంది. గరుడుడు దిగిన చోట కోళ్ళు కోస్తే మైల అని గుడి కమిటీవాళ్ళు చెప్పారట. ఆమె కొడుకు గోనెపట్టాలో చుట్టి మోసుకొచ్చాడట.

"తప్పు నాదే మరిడమ్మా. ఆ పుస్తకం నేనే రాశాను."

"తెలుసండి పంతులుగారూ. కమిటీవోళ్ళు చదివి వినిపించేరు," అందామె వల మీంచి తలెత్తకుండా.

పోలమ్మ ఎవరని ఆయన మొదటిసారి అడిగాడు. శాసనాల కోసం ఊళ్ళన్నీ తిరిగాడు గానీ, ఈ గుమ్మంలో ఏనాడూ అడగలేదు.

"మా ఇంటి ఆడబిడ్డేనండి, ఎన్ని తరాల కిందటో. వరద గోదార్లో నిండు పడవ ములిగిపోతంటే, బరువు తగ్గుద్దని నిండు చూలాలు దిగిపోయిందంట. పడవ ఒడ్డుకొచ్చింది. ఆవిడ రాలేదు."

ఆయన జేబులోంచి కలం తీసి, "రాసుకోనా?" అన్నాడు.

"వద్దండి. మీరు రాత్తే మళ్ళీ మెట్లు కట్టేత్తారు."

ఆయన లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. మరి స్థలపురాణం ముట్టుకోలేదు. వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపేశాడు. ఉగాదికి తాటిలంక పుస్తకం ఇంకెక్కడో మళ్ళీ అచ్చయింది. అందులో ఆయన పేరు లేదు. పాదం మాత్రం ఉంది, కొత్తగా ఓ రాకుమారి కుష్ఠు నయమైన కథ కూడా చేరింది.

ఇప్పుడాయన వారంవారం తెల్లవారకముందే మోపెడ్ మీద రేవుకు వెళ్తాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, బకెట్టుతో ఆ పాదంలో నీళ్ళన్నీ తోడిపోసి, గోళ్ళ సందుల్లో పేరుకున్న బురద చీపురుతో గీకి, కుళాయి నీళ్ళు నింపుతాడు. మధ్యలో రెండుసార్లైనా డోకు వస్తుంది. భక్తితో చేస్తున్నాడనుకుని, తొలి బస్సు దిగినవాళ్ళు ఆయన కాళ్ళకు మొక్కబోతారు.

"ముట్టుకోకండి," అంటాడు. "బురదగా ఉన్నాను."